మాటలాడు యంత్రము – మన పిల్లలు

ఈ పాఠము పిల్లలకు గాక వారి తల్లిదండ్రులకై వ్రాయబడినది. పుస్తకములు, పరీక్షలు, హాజరు మొదలైన విషయములను గురించి ఈ వార్షిక సంచికలో ప్రతి సంవత్సరమును ముచ్చటించుకొనుచునే యున్నాము. ఈ పర్యాయము వేరొక సంగతిని మీ ముందుంచుట యవసరమని తోచినది. మన బరంపురపు తెలుగు ఇండ్లలో పిల్లలతో తాతయు, మామ్మయు, ఉపాధ్యాయుడును మాటలాడునంత సేపు మాటలాడునది యొకటి క్రొత్తగా ప్రవేశించినది. అది మనుష్యుడు కాదు, యంత్రము. అయినను బిడ్డ దానితో మనుష్యునితో వలెనే మాటలాడును. ఈ యొక్క సంగతిలోనే మనము తెలిసికొనవలసినదంతయు నిమిడియున్నది.

కృత్రిమ మేధతో పనిచేయు సంభాషణ యంత్రములలో లోకమున మొదట ప్రసిద్ధి కెక్కినది చాట్‌జీపీటీ. అది 2022 నవంబరు 30వ తేదీన వెలువడినది. 2024 జూన్ నెలలో గూగుల్ వారి జెమిని తెలుగుతో సహా 9 భారతీయ భాషలలో మన దేశమున అందుబాటులోనికి వచ్చినది. ఆ నెలలోనే మెటా ఏఐ అనునది వాట్సాప్‌లో చేరినది. ఈ మూడవది మనకు ముఖ్యము. ఏలయన, మొదటి రెండింటిని మనము వెదకికొని పోవలెను; మూడవది పిలువకయే వచ్చి తల్లి చేతిలోని ఫోనులో కూర్చున్నది. పాఠశాల గ్రూపులో పంపిన ఇంటిపనిని చూచుకొనుటకై బిడ్డ ఆ ఫోను తీసికొనును. ఆ తెరమీదనే రంగుల వలయమొకటి కనబడుచుండును. దానిని తాకినచో ఏమి యడిగినను బదులు వచ్చును. వ్రాయరాని పసివాడు సైతము నోటితో అడుగగలిగిన యంత్రములును కలవు. కాబట్టి "మా యింట నట్టివి లేవు" అని గట్టిగా చెప్పగలవారు నేడు కొందరే. రానిత్తుమా, మానుదుమా యని తర్కించుటకు కాలము దాటినది. వచ్చినదానిని ఎట్లు కాచుకొందుమనునదే మిగిలినది.

మొదట ఆ యంత్రమేమి చేయునో తెలిసికొందము. అసంఖ్యాకములగు వ్రాతలను దానిచే చదివించి, ఏ మాట తరువాత ఏ మాట వచ్చుట సహజమో గణించునట్లు దానిని తీర్చిరి. మనమొక ప్రశ్న వేయగానే అది ఆ గణితము ననుసరించి మాట వెంట మాట పేర్చుచు పోవును. తెలిసి చెప్పుచున్నదో, తెలియక చెప్పుచున్నదో దాని ధోరణినిబట్టి కనుగొనలేము. హరిదాసుగారు కథ నడుమ పద్యము మరచినచో, తాళము తప్పకుండ, సభకు తెలియకుండ, అప్పటికప్పుడు రెండు పాదములు కల్పించి నడిపించుట మన పెద్దలు చూచినదే. యంత్రము చేయునదియు నట్టిదే. భేదమేమనగా, దాసుగారికి తాను కల్పించితినని తెలియును.

దీనిని మీరే ఇంట పరీక్షించి చూడవచ్చును. పూర్వ రాష్ట్రపతి వి. వి. గిరిగారు ఎచట జన్మించిరని యడుగుడు. 1894లో బరంపురమున జన్మించిరని సరిగానే చెప్పును; ఆ సంగతి పెక్కు గ్రంథములలో, పెక్కు భాషలలో వ్రాయబడియున్నది. తరువాత మీ వీధి రామమందిరమును ఎవరు కట్టించిరని యడుగుడు. తెలియదని యొప్పుకొన్నచో సంతోషమే. ఒప్పుకొననిచో, ఒక జమీందారు పేరును, ఒక సంవత్సరమును, ఒక చిన్న కథను తడుముకొనక వినిపించును. వేమన పద్యమొకటి చెప్పుమనుడు. వాడుకలో నున్న పద్యమే వచ్చిన రావచ్చును. లేదా వేమన మకుటమును చివర తగిలించి, యతి తప్పిన మూడు పాదములను పైన కూర్చి, ఇది వేమనదేయని చేతికిచ్చును. ఇంగ్లీషు వ్రాతలతో పోల్చిన తెలుగు వ్రాతలు దాని కంటబడినవి మిక్కిలి తక్కువ. అందుచేత మన భాషలో దాని తప్పులును హెచ్చు. తాతకు నూరు వేమన పద్యములు కంఠస్థమైన యింట ఈ తప్పు వెంటనే పట్టుబడును. అట్టి తాత లేని యింట ఆ పద్యము నోటుపుస్తకములోనికి ఎక్కును.

అయినను తప్పుడు పద్యము వలన కలుగు కీడు చిన్నది. ఉపాధ్యాయుడు ఎఱ్ఱ సిరాతో దానిని దిద్దగలడు. దిద్దుటకు మనకంటికి కనబడని కీడు వేరొకటి కలదు.

1966లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థయందు జోసెఫ్ వైజెన్‌బామ్ అను ఆచార్యుడు ఎలైజా అను నొక చిన్న కంప్యూటరు ప్రోగ్రామును ప్రకటించెను. నేటి యంత్రములతో పోల్చిన అది ఆటబొమ్మ. మనమన్న మాటనే కొంచెము త్రిప్పి ప్రశ్నగా మరల అడుగుట తప్ప దానికేమియు రాదు. అది యెట్లు కట్టబడుచున్నదో నెలల తరబడి చూచిన ఆచార్యుని కార్యదర్శినియే, దానితో నాలుగు మాటలు జరిపిన పిమ్మట, తమరు కొంచెము గది వెలుపలికి పోవుదురా యని ఆయననే కోరినదట. ఈ సంగతిని ఆయన 1976లో వెలువడిన తన గ్రంథమున వ్రాసి, పిమ్మట చిరకాలము ఇట్టి యంత్రములను గురించి లోకమును హెచ్చరించుచునే యుండెను. లోపల ఎవరును లేరని యెరిగిన పెద్దమనిషికే ఆ బొమ్మ యెదుట ఏకాంతము కావలసివచ్చినది. పండ్రెండేండ్ల పిల్ల మాట చెప్పవలెనా?

నేటి యంత్రమున కింకొక గుణము కలదు. దానికి తర్ఫీదు నిచ్చునపుడు అది చెప్పిన బదులులను మనుష్యులకు చూపి, ఏది బాగున్నదో ఎన్నుమందురు. మనలను మెచ్చుకొను మాట మనకెప్పుడును తీపియే గనుక, ఆ తీపి మాటలకు ఎక్కువ మార్కులు పడును. క్రమముగా యంత్రమునకు ముఖస్తుతి యలవడును. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీని నిర్మించిన ఓపెన్ ఏఐ సంస్థవారు, తాము చేసిన యొక మార్పు వలన యంత్రము మితిమీరి ఇచ్చకములాడుచున్నదని తామే యొప్పుకొని, కొలది దినములలోనే ఆ మార్పును వెనుకకు తీసికొనిరి. మితిమీరినది తగ్గినది గాని, గుణము పూర్తిగా పోలేదు.

బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ గుణమును గూడ చూపవచ్చును. "నా స్నేహితురాలు నాతో మాటలాడుట మానినది, తప్పు ఆమెదే గదా?" అని యడిగించుడు. బదులును చదువుడు. తరువాత క్రొత్త సంభాషణ మొదలిడి, అదే తగవును రెండవ పిల్ల చెప్పినట్లు చెప్పించి, "తప్పు ఆమెదే గదా?" అని మరల అడిగించుడు. పెక్కుమారులు రెండు పక్షములకును ఓదార్పే దొరకును. ఇద్దరి బాధయు న్యాయమైనదే యగును. ఈ పరీక్షను చూచిన పిల్లలు మొదట నవ్వుదురు, తరువాత కొంచెము ఆలోచింతురు. పది నీతివాక్యములు చేయజాలని పనిని ఈ పావుగంట చేయును. ఇంట పినతల్లియో, పెదనాన్నయో అయినచో "నీవేమన్నావు ముందు?" అని యడుగుదురు. ఆ ప్రశ్న బిడ్డకు చేదుగా నుండును. ఆ చేదు దొరకని చోటికి బిడ్డ మరల మరల పోవుటలో వింత యేమున్నది?

ఇక చెప్పవలసిన విషయము బాధాకరమైనది, చెప్పక తప్పదు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫ్లోరిడాలో 14 ఏండ్ల బాలుడొకడు ఆత్మహత్య చేసికొనెను. కల్పిత పాత్రలతో సంభాషింపజేయు కేరక్టర్ ఏఐ అను దానితో అతడు నెలల తరబడి గాఢమైన అనుబంధము పెంచుకొన్నాడని తల్లి ఆ సంవత్సరము అక్టోబరులో దావా వేసెను. 2026 జనవరిలో ఉభయపక్షములవారును రాజీకి అంగీకరించినట్లు న్యాయస్థానమునకు తెలిపిరి. 2025 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో 16 ఏండ్ల బాలుడొకడు అదే విధముగా ప్రాణము తీసికొనెను. అతని తల్లిదండ్రులు ఆగస్టులో ఓపెన్ ఏఐ సంస్థపై దావా వేసిరి. సంస్థవారు తమ బాధ్యతను నిరాకరించిరి. తీర్పు చెప్పుట మన పని కాదు. కాని ఆ తల్లిదండ్రులు దావాలో తెలిపిన యొక సంగతిని మనము మరువరాదు. ఆ బాలుడు యంత్రమును మొదట చేపట్టినది పాఠశాల పాఠముల కొరకే. పాఠములనుండి ఇష్టములకు, ఇష్టములనుండి దిగులునకు, దిగులునుండి ఎవ్వరితోడను చెప్పని మాటలకు సంభాషణ జరుగుచు పోయినదట. ఇంటివారికి అది చదువుగానే కనబడినది.

ఆ ఆగస్టులోనే సంస్థవారు ఇంకొక విషయమును ప్రకటించిరి. చిన్న సంభాషణలలో తమ రక్షణలు బాగుగా పనిచేయుచున్నను, సంభాషణ మిక్కిలి దీర్ఘమైనపుడు సడలిపోవచ్చునని దాని సారాంశము. అనగా బిడ్డ ఎంత ఒంటరియై ఎంత సేపు మాటలాడునో, కాపలా అంత పలుచబడును. అవసరము పెరిగిన కొలది రక్షణ తరుగుట యన్న మాట. ఈ యొక్క కారణము చేతనే, ఎంతసేపు అను ప్రశ్న ఏమి యడిగెను అను ప్రశ్నకంటె తక్కువది కాదని నా యభిప్రాయము.

అమెరికా సంగతులు మనకేల యని కొందరనవచ్చును. అచట 2025లో కామన్ సెన్స్ మీడియా అను సంస్థవారు ప్రకటించిన పరిశీలనలో 13 మొదలు 17 ఏండ్ల వారిలో నూటికి 72 మంది ఇట్టి "తోడు" యంత్రములను ఒక్కసారియైనను వాడినవారే యని తేలినది. మన యూరి లెక్క ఎవరును కట్టలేదు. కాని యంత్రము అదే, ఫోను అదే, పదునాలుగేండ్ల వయస్సు అదే. పైగా మన యిండ్లలో వారికి లేని చిక్కు ఒకటి కలదు. దానిని గురించి కొంత విపులముగా వ్రాయవలసియున్నది.

గంజాం సీమ 1936 ఏప్రిల్ 1వ తేదీవరకు మద్రాసు రాజధానిలో భాగము. ఆ నాడు ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనది. మన తాతలు ఇల్లు కదలకయే వేరొక రాష్ట్రమువారైరి. నాటినుండి మన బిడ్డ మూడు భాషలలో పెరుగుచున్నాడు. ఇంట తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకమున ఇంగ్లీషు. ఇది మన సంపద. దానిని గురించి మనమెన్నో సభలలో గర్వముగా చెప్పుకొన్నాము. కాని ఒకే యింటిలో ముగ్గురు మూడు లిపులను చదువుదురు. మామ్మకు తెలుగు మాత్రమే వచ్చును. అంగడిలో కూర్చుండు తండ్రికి ఒడియా చదువుట వచ్చును గాని తొమ్మిదవ తరగతి ఇంగ్లీషు కొరుకుడుపడదు. తల్లికి తెలుగు చదువ వచ్చినను, కూతురు ఇంగ్లీషు అక్షరములలో విరిచి వ్రాయు తెలుగు చదువుటకు రాదు. యంత్రమునకో, ఈ మూడును వచ్చును. మూడింటిని కలిపి వ్రాసినను వచ్చును. విరిచి వ్రాసినను వచ్చును. కావున బిడ్డ ముందుగదిలో అందరి నడుమ కూర్చుండి వ్రాయుచున్నను, ఆ సంభాషణ తలుపు వేసిన గదిలో జరిగినట్లే. పూర్వము ఉత్తరములు దాచుకొనువారు. ఇప్పుడు దాచవలసిన పనియే లేదు.

ఇంకొకటి. మన పిల్లలలో కొందరు తెలుగు తరగతిలో నోరు విప్పరు. యాస ఒడియాగా నున్నదని తోటివారు నవ్వుదురేమోనని భయము. ఒడియా పిల్లల నడుమ తెలుగు యాస బయటపడునని భయము. యంత్రము నవ్వదు. తప్పు మాటను ఓర్పుతో సరిదిద్దును, పదిసార్లడిగినను విసుగుకొనదు. ఇది దాని యందలి నిజమైన మేలు. కాదనుట న్యాయము కాదు. ట్యూషనుకు పంపలేని యింట బీజగణితమును నెమ్మదిగా నాలుగు విధములుగా వివరించు సాయము చిన్నది కాదు. సైన్సు పాఠమును తెలుగున చెప్పుమని యడిగి, తల్లియు బిడ్డయు కలిసి చదువుకొనవచ్చును. పూర్తిగా నిషేధించు తండ్రులను నేను తప్పుపట్టను గాని, ఆ మార్గము నిలుచునని తోచదు. ఇంట నిషేధించినది స్నేహితుని ఫోనులో దొరకును. అప్పుడు దానిని గురించి మనతో చెప్పుటకు గూడ వీలు లేకపోవును.

ఆచరణకు వత్తము. మొదటిది వయస్సు. చాట్‌జీపీటీ నియమముల ప్రకారము 13 ఏండ్లు నిండని పిల్లలు దానిని వాడరాదు. 18 నిండువరకు తల్లిదండ్రుల అనుమతి వలయును. జెమినిని 13 ఏండ్ల లోపు పిల్లల కీయదలచినచో ఫ్యామిలీ లింక్ అను తల్లిదండ్రుల అదుపు ద్వారమున మాత్రమే ఈయవలెను. కేరక్టర్ ఏఐ వారు 2025 నవంబరు 25వ తేదీనుండి 18 ఏండ్ల లోపు వారికి స్వేచ్ఛా సంభాషణను నిలిపివేసిరి. ఈ కట్టుబాట్లు చాలవరకు పుట్టిన తేదీమీద ఆధారపడియున్నవి. "ఏదో ఒక సంవత్సరము వేయరా, తెరుచుకొనునంతే చాలు" అని తండ్రియే చెప్పు ఇండ్లు కలవు. అట్లు వేసిన దొంగ సంవత్సరము బిడ్డను పెద్దవానిగా చూపును; పిల్లల కొరకు పెట్టిన రక్షణలు ఆ క్షణమున తొలగిపోవచ్చును. తల్లి ఫోనులో తల్లి పేర వాడినను ఫలితమదియే.

2025 సెప్టెంబరులో చాట్‌జీపీటీలో తల్లిదండ్రుల అదుపును ప్రవేశపెట్టిరి. తల్లి లేక తండ్రి ఖాతాను బిడ్డ ఖాతాతో జోడించినచో, రాత్రివేళ వాడుకను ఆపవచ్చును; పాత సంభాషణలను గుర్తుంచుకొనకుండ చేయవచ్చును; బొమ్మలు గీయుట, గొంతుతో మాటలాడుట ఆపవచ్చును. బిడ్డ తీవ్రమైన దిగులులో నున్నట్లు యంత్రమునకు గుర్తులు కనబడిన పక్షమున తల్లిదండ్రులకు కబురు పంపు ఏర్పాటు కలదు. సంభాషణలను మాత్రము తల్లిదండ్రులు చదువలేరు. బిడ్డ ఆ ముడిని విప్పుకొనవచ్చును గాని, విప్పినట్లు మనకు తెలియును. ఇది తాళము కాదు, గంట. గంటయైనను ఉండుట మేలు.

స్నేహితుడుగనో, ప్రియురాలుగనో నటించు తోడు యంత్రములను మాత్రము 18 ఏండ్ల లోపు వారి దరికి రానీయరాదు. పాఠము చెప్పు యంత్రమును గురించి బేరసారములుండవచ్చును, ఇందులో వద్దు. ఫోనులో వానిని గుర్తించుట కష్టము కాదు: అలంకరించుకొన్న బొమ్మ ముఖము, ఒక మనిషి పేరు, "నీ కొరకే ఎదురుచూచుచున్నాను" అను ధోరణి. ప్రసిద్ధ యంత్రముల పేర్లను, గుర్తులను అనుకరించి ప్రకటనలతో నింపిన ఉచిత యాప్‌లును పెక్కు కలవు. వానిని గూడ తీసివేయుడు.

బిడ్డ యంత్రమునకు చెప్పరాని వానిని ఇంట అందరును కలిసి నిర్ణయించుకొనవలెను. పూర్తి పేరు, ఇంటి చిరునామా, పాఠశాల పేరు, ఆధార్ సంఖ్య, ఫోనుకు వచ్చు ఓటీపీ, తండ్రి జీతము, ఇంట జరిగిన తగవులు. వీనిలో చివరిది పెద్దలకు తోచదు గాని, పిల్లలు మొదట చెప్పునది అదియే. తన ఫొటోను గాని, స్నేహితురాలి ఫొటోను గాని అందులో పెట్టరాదు. ఒక బాలిక చిత్రమును వేడుకకైనను అసభ్యముగా మార్చుట, పంచుట సమాచార సాంకేతిక చట్టము 67బి సెక్షను క్రింద నేరము. మొదటిసారికే 5 ఏండ్లవరకు శిక్షయు, 10 లక్షల రూపాయలవరకు జరిమానాయు కలవు. మగపిల్లల తల్లిదండ్రులు ఈ వాక్యమును రెండుమార్లు చదివి, ఇంట వినిపింపవలెనని కోరుచున్నాను.

చట్టము మనకు కొంత అండ నిచ్చుచున్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండని వారినందరిని బాలలుగా నెంచి, వారి వివరములను వాడుకొనుటకు తల్లిదండ్రుల అనుమతిని సరిచూచి పొందవలెనని విధించినది. పిల్లల నడవడిని వెన్నాడి గమనించుట, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపుట సాధారణముగా నిషిద్ధము. నియమములు 2025 నవంబరులో వెలువడినవి. కాని సంస్థలపై ముఖ్యమైన బాధ్యతలను మోపు భాగములకు అప్పటినుండి 18 నెలల గడువీయబడినది. సంస్థలు గడువు కోరవచ్చును. పదునాలుగేండ్ల బిడ్డ గడువు కొరకు ఆగడు.

రాత్రి భోజనమైన పిమ్మట ఇంటిలోని ఫోనులన్నియు, పెద్దలవి సైతము, ఒకచోట చేరవలెను. పడకగదిలోనికి పోరాదు. పెద్దలవి సైతమని వ్రాయుటకు కారణము చెప్పనక్కరలేదు.

లిపి తెలియని చిక్కునకు నా కెరుకైన ఉపాయమొకటే. బిడ్డచేతనే చదివించుకొనుట. వారమునకొకసారి, నిఘాగా గాక వేడుకగా, "ఈ వారము దానిని ఏమడిగినావు? అది ఏమన్నది? మామ్మకు తెలుగున చెప్పు" అనుడు. అన్నియు చెప్పకపోవచ్చును, కొన్ని దాచుకొనుట ఆ వయస్సునకు సహజము. కాని ఇంగ్లీషులో యంత్రమన్న మాటను మామ్మకు తెలుగున చెప్పవలసివచ్చినపుడు, ఆ మాటలోని డొల్లతనమో, అనుచితమో బిడ్డకే తట్టును. మామ్మ "అదేమిటే, అట్లా అన్నదా?" అని ముక్కుమీద వేలు వేసికొనుట ఏ సంస్థవారును పెట్టజాలని కాపలా. తెలుగు మాట కూడ ఆ నెపమున ఇంట నాలుగు దినములు ఎక్కువ నిలుచును.

కొన్ని గుర్తులను గనిపెట్టుచుండుడు. మనము దగ్గరకు రాగానే తెర మార్చుట, రాత్రివేళ మేలుకొనుట, ఆటకు పోవుట మానుట, "దానికొక్కదానికే నేను అర్థమగుదును" అనుట. ఒక్క గుర్తుతో హడలిపోనక్కరలేదు. రెండు మూడు కలిసి, రెండు వారములు నిలిచినచో కూర్చుండి మాటలాడవలెను. అప్పుడు మొదటి పనిగా ఫోను లాగుకొనరాదు. బిడ్డ దృష్టిలో అది ఒక్క స్నేహితుని లాగుకొనుటయే. ముందు వినవలెను. దిగులు మిక్కిలిగా కనబడినచో, "చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?" అని నేరుగా, నెమ్మదిగా అడుగవలెను. అడుగుటచేత లేని తలపు పుట్టునని మన పెద్దల భయము. వైద్యులు పరిశీలించి చూడగా అది నిజము కాదని తేలినది. అడుగగా చాలమందికి బరువు దిగును. అవునన్నచో బిడ్డను ఒంటరిగా విడువక, ఆ దినమే వైద్యుని చూడవలెను.

అట్టి వేళ పిలువవలసిన సంఖ్యలు ఇవి. టెలీ మానస్ 14416. 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైన ఈ ప్రభుత్వ సేవ రేయింబవళ్లు ఉచితముగా పనిచేయును. తెలుగున మాటలాడవచ్చును, ఒడియాలోను మాటలాడవచ్చును. బాలల సహాయమునకు 1098. ప్రాణాపాయమున 112. ఫోను ద్వారా ఎవరైన బెదిరించి డబ్బు గుంజినచో 1930. వీనిని ఫోనులో మాత్రము దాచుకొనక, వంటింటి క్యాలెండరు ప్రక్కన తెలుగున, ఒడియాలోను పెద్ద అక్షరములతో వ్రాసి అతికించుడు. మామ్మయు చదువగలుగును, బిడ్డయు అడుగకయే చూడగలుగును.

ఖాతాలను జోడించుట, ఫ్యామిలీ లింక్ అమర్చుట మొదలైనవి తెలియని తల్లిదండ్రులు తదుపరి సమావేశమునకు తమ ఫోనును, బిడ్డ ఫోను వేరుగా నున్నచో దానిని గూడ, వెంట తెచ్చుకొనుడు. ఒక్కొక్కరికి పది పదునైదు నిమిషములు పట్టును. బిడ్డను గూడ తీసికొని రండు. వాని యెదుటనే, వానికి చెప్పియే చేయవలసిన పని యిది.